పంటలు వేసే ఆటను ప్రోగ్రాముగా రాయడం: పదివేల సార్లు ఆడించి దొంగ ఎవరవుతారో తేల్చుకునే పద్ధతి

దాగుడుమూతలు, కోతికొమ్మచ్చి వంటి ఆటలకు పిల్లలు గుమిగూడినప్పుడు మొదట తేలవలసింది దొంగ ఎవరన్న విషయం. తెలుగు ఊళ్లలో దానికి పంటలు వేసుకుంటారు. ముగ్గురు చేతులు కలిపి ఊపి, ఒక్కసారిగా అరచేతిని వెల్లకిలా గానీ బోర్లా గానీ వేస్తారు. ఇద్దరివి ఒక తీరుగానూ ఒకరిది మరో తీరుగానూ పడితే, వేరుగా వేసినవారు పండినట్టు లెక్క. వారు పక్కకు తప్పుకుంటారు. ముగ్గురూ ఒకేలా వేస్తే మళ్లీ వేయాలి. ఇలా ఒక్కొక్కరే పండుతూ పోగా ఆఖరున మిగిలినవారు దొంగ.

చేతి ఆటలను కంప్యూటరులో పదేపదే ఆడించి చూడడం నేర్చుకోవాలనుకునేవారికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదని నా నమ్మకం. చిన్న ఆట కావడం వల్ల ప్రతి ఫలితాన్నీ కాగితం మీద లెక్క వేసి సరిచూసుకోవచ్చు. అదే సమయంలో, ఆడేవారి కంటికి ఆనని ఒక అసమానత ఇందులో ఉంది, అది పదివేల ఆటల పట్టికలో స్పష్టంగా బయటపడుతుంది. ఈ మార్గదర్శిలో పైథాన్‌ను దృష్టిలో పెట్టుకుని వివరిస్తున్నాను. ప్రోగ్రాము నమూనాలను మాత్రం తెలుగు వాక్యాల్లోనే ఇస్తున్నాను కనుక జావాస్క్రిప్టు, సి వంటి ఏ భాషలోకైనా మార్చుకోవచ్చు. లూపు, లిస్టు, ఫంక్షన్ అంటే ఏమిటో తెలిసి ఉంటే చాలు.

మొదటి అడుగు: నియమాలను సందిగ్ధం లేకుండా రాసుకోవడం

పిల్లలు ఆడేటప్పుడు అప్పటికప్పుడు సర్దుకుపోయే విషయాలను ప్రోగ్రాముకు ముందే చెప్పాలి. పంటలు వేసే తీరు ఊరిని బట్టి కొద్దిగా మారుతుంది. ఇక్కడ నేను తీసుకున్న తీరు ఇది. ఎనిమిది మంది వరసగా నిలబడతారు. మొదటి ముగ్గురు పంటలు వేస్తారు. వారిలో ఒకరు పండగానే తప్పుకుంటారు, వరసలో తరువాతివారు వచ్చి ఆ ఖాళీని నింపుతారు. వరస అయిపోయాక మిగిలిన ముగ్గురిలో ఒకరు పండితే ఇద్దరే మిగులుతారు. అప్పుడు ఇదివరకే పండినవారిలో ఒకరు తోడుగా చేయి వేస్తారు. మిగిలిన ఇద్దరిలో ఎవరి చేయి వేరుగా పడితే వారు పండుతారు, రెండోవారు దొంగ. తోడు వచ్చినవారి చేయి వేరుగా పడినా, మూడూ ఒకేలా పడినా మళ్లీ వేయాలి.

ఇద్దరు మిగిలినప్పుడు తోడు ఎందుకు కావాలో ఒక్క క్షణం ఆలోచించడం మంచిది, ఎందుకంటే ఈ సంగతి తరువాత ప్రోగ్రాములోనూ ఎదురవుతుంది. ఇద్దరే వేస్తే చేతులు వేరువేరుగా పడినప్పుడు ఇద్దరూ ‘వేరుగా వేసినవారే’ అవుతారు. ఎవరు పండారో చెప్పడానికి ఆధారం ఉండదు. మూడో చేయి వచ్చి ఒక పక్షాన నిలిస్తేనే తీర్పు కుదురుతుంది.

రెండో అడుగు: చేతులను అంకెలుగా మార్చడం

వెల్లకిలా పడిన చేతిని 1 గానూ, బోర్లా పడిన చేతిని 0 గానూ రాద్దాం. అప్పుడు ఒక రౌండు అంటే మూడు అంకెల లిస్టు మాత్రమే. చేతుల పేర్లను పదాలుగా దాచుకోవచ్చు గానీ, అంకెలైతే కూడికతోనే తీర్పు తేలిపోతుంది. మొత్తం 1 అయితే ఒక్కరే వెల్లకిలా వేశారు, వారు పండారు. మొత్తం 2 అయితే ఒక్కరే బోర్లా వేశారు, వారు పండారు. మొత్తం 0 గానీ 3 గానీ అయితే ఎవరూ పండలేదు.

పేర్ల గురించి ఒక మాట. పైథాన్ 3లో కీవర్డులు ఇంగ్లీషువే అయినా, వేరియబుళ్లకూ ఫంక్షన్లకూ తెలుగు లిపిలో పేర్లు పెట్టుకోవచ్చు. నేర్చుకునేవారికి అది ఎంతో మేలు. అయితే పొల్లు అక్షరం తరువాతి అక్షరంతో కలవకుండా ఉండడానికి కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని ఒక గుర్తును చొప్పిస్తాయి. యూనికోడ్‌లో దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. పేరులో అది ఉంటే పైథాన్ అంగీకరించదు, లోపం ఎక్కడుందో చూద్దామంటే తెర మీద ఏమీ కనిపించదు. అందుచేత ‘రౌండ్లు’, ‘చేతులు’, ‘వరస’ లాగా అక్షరాలు సహజంగా కలిసిపోయే పేర్లనే ఎంచుకోండి.

మూడో అడుగు: తీర్పు చెప్పే ఫంక్షన్

చేతులు వేసే పనినీ, తీర్పు చెప్పే పనినీ ఒకే ఫంక్షన్లో కలపకూడదు. ఈ ఒక్క క్రమశిక్షణ పాటిస్తే మిగతా దారి అంతా సుగమమవుతుంది. తీర్పు చెప్పే ఫంక్షన్‌కు చేతులు ఎలా పడ్డాయో తెలియనక్కరలేదు, పడిన చేతులను చూసి పండినవారి స్థానం చెబితే చాలు.

పంట_తీర్పు (చేతులు):
  ఒకట్లు = చేతుల్లోని అంకెల మొత్తం
  సున్నాలు = చేతుల సంఖ్య − ఒకట్లు
  ఒకట్లు 1, సున్నాలు 1 కన్నా ఎక్కువ అయితే: 1 ఉన్న స్థానాన్ని ఇవ్వు
  సున్నాలు 1, ఒకట్లు 1 కన్నా ఎక్కువ అయితే: 0 ఉన్న స్థానాన్ని ఇవ్వు
  లేకపోతే: ‘ఎవరూ లేరు’ అని ఇవ్వు

‘1 కన్నా ఎక్కువ’ అనే షరతు ముగ్గురు ఆడే ఆటకు అవసరం లేదు. అయినా దాన్ని ఉంచాలి. పొరపాటున ఇద్దరి చేతులే ఈ ఫంక్షన్‌కు చేరితే, షరతు లేనప్పుడు వెల్లకిలా వేసినవారే ఎప్పుడూ పండినట్టు తప్పుడు తీర్పు వస్తుంది. షరతు ఉంటే ‘ఎవరూ లేరు’ అనే సరైన సమాధానం వస్తుంది. పైగా ఈ రూపంలో రాస్తే నలుగురికీ, ఎనిమిది మందికీ కూడా ఇదే ఫంక్షన్ పనిచేస్తుంది. ఆ సౌలభ్యం మనకు ముందుముందు అక్కరకు వస్తుంది.

ఇక్కడ పైథాన్‌కు సంబంధించిన ఒక ప్రమాదాన్ని దగ్గరగా చూడాలి. పైథాన్ లిస్టుల్లో స్థానాలు 0 నుంచి మొదలవుతాయి. ‘ఎవరూ లేరు’ అనడానికి నన్ (None) అనే ప్రత్యేక విలువను వాడతాం. తీర్పు వచ్చాక ‘స్థానం ఉంటే తీసివెయ్యి’ అని క్లుప్తంగా ఇఫ్ షరతు రాస్తే, పైథాన్ 0 ను కూడా నన్ లాగానే ‘లేదు’ అని భావిస్తుంది. అంటే మొదటి స్థానంలో నిలబడ్డ పిల్లవాడు పండినా ప్రోగ్రాము గుర్తించదు. ప్రోగ్రాము ఆగిపోదు, ఎర్రటి హెచ్చరిక ఏదీ రాదు. కానీ మొదటివాడు ప్రతి ఆటలోనూ చివరి ఇద్దరిలో ఒకడిగా మిగిలిపోయి, సగం ఆటల్లో దొంగ అవుతాడు. అందుచేత ‘స్థానం నన్ కాకపోతే’ అని ఇజ్ నాట్ నన్ రూపంలోనే షరతు రాయాలి.

నాలుగో అడుగు: ఎనిమిది సందర్భాలనూ చేత్తో సరిచూడడం

యాదృచ్ఛిక సంఖ్యల జోలికి వెళ్లకముందే తీర్పు ఫంక్షన్‌ను పరీక్షించాలి. మూడు చేతులు, ఒక్కొక్కదానికి రెండు తీర్లు కనుక మొత్తం 8 సందర్భాలు ఉంటాయి: 000, 001, 010, 011, 100, 101, 110, 111. వీటిలో 000, 111 మాత్రమే తీర్పు తేలనివి. 100, 011 లలో మొదటివారు, 010, 101 లలో రెండోవారు, 001, 110 లలో మూడోవారు పండుతారు. పైథాన్‌లో ఐటర్‌టూల్స్ మాడ్యూల్లోని (మాడ్యూలు అంటే ముందే రాసి ఉంచిన ఫంక్షన్ల సముదాయం) ప్రోడక్ట్ ఫంక్షన్ ఈ ఎనిమిదింటినీ వరసగా ఇస్తుంది. ఒక్కొక్కదాన్ని తీర్పు ఫంక్షన్‌కు పంపి, వచ్చిన సమాధానాన్ని పై జాబితాతో పోల్చండి.

ఈ పరీక్షకు రెండు నిమిషాలు పట్టదు. అయినా తరువాతి పనికంతటికీ ఇదే పునాది. ఎనిమిదింటిలో ఆరు తేలుతాయి కనుక, అందరూ నిష్పక్షపాతంగా వేస్తే ఒక రౌండులో ఎవరో ఒకరు పండే సంభావ్యత 6/8, అంటే 0.75. ప్రతి ఒక్కరికీ 0.25 చొప్పున సమాన అవకాశం. ఒకరు పండడానికి సగటున 1 ÷ 0.75, అంటే 1.33 రౌండ్లు పడుతుంది. చివరి ఇద్దరి దశలో తోడు వచ్చినవారు పండితే లెక్కలోకి రాదు కనుక తేలే సంభావ్యత 0.5, సగటు 2 రౌండ్లు. ఎనిమిది మంది ఆటలో ఆరుగురు ముగ్గురి దశలో తప్పుకోవాలి, ఆపైన చివరి దశ జరగాలి. అందుచేత మొత్తం సగటు 6 × 4/3 + 2, అంటే సరిగ్గా 10 రౌండ్లు. మన ప్రోగ్రాము ఈ పది దగ్గరికి రాకపోతే ప్రోగ్రాములో తప్పు ఉన్నట్టే.

ఐదో అడుగు: చేతులు వేయించడం

పైథాన్‌లోని ర్యాండమ్ మాడ్యూల్ మెర్సెన్ ట్విస్టర్ అనే పద్ధతిని వాడుతుంది. దీన్ని 1997లో మకోతో మత్సుమొతో, తకుజి నిషిమురా రూపొందించారు. ఈ సంఖ్యల వరస మళ్లీ మొదటికి రావడానికి పట్టే దూరం 2 యొక్క 19937వ ఘాతంలో ఒకటి తక్కువ, కనుక మన పదివేల ఆటలకు ఏ కొరతా రాదు. అయితే ఇవి నిజమైన యాదృచ్ఛిక సంఖ్యలు కావు. ఒక ప్రారంభ సంఖ్య నుంచి లెక్క కట్టి తీసినవి. ఆ ప్రారంభ సంఖ్యను సీడ్ అంటారు. అదే సీడ్ ఇస్తే అదే వరస మళ్లీ వస్తుంది. పాస్‌వర్డులకూ డబ్బుతో ముడిపడిన పనులకూ ఈ మాడ్యూలును వాడకూడదు, వాటికి పైథాన్‌లోనే సీక్రెట్స్ అనే వేరే మాడ్యూలు ఉంది. సిమ్యులేషన్‌కు మాత్రం, అంటే ఆటను కంప్యూటరులో పదేపదే ఆడించి చూడడానికి, ఇదే తగినది, ఎందుకంటే సీడ్‌ను రాసిపెట్టుకుంటే మీ ఫలితాన్ని మరొకరు తమ కంప్యూటరులో యథాతథంగా తిరిగి రాబట్టి సరిచూడగలరు.

సీడ్‌ను ప్రోగ్రాము మొదట్లో ఒక్కసారే ఇవ్వాలి. లూపు లోపల ఇస్తే ప్రతి ఆటా అదే చోట మొదలై, పదివేల ఆటలూ ఒకే ఆటకు నకళ్లు అవుతాయి. ఫలితాల పట్టికలో ఒకే ఒక్క పిల్లవాడు పదివేల సార్లూ దొంగ అయ్యాడని కనిపిస్తే మొదట వెతకవలసిన చోటు ఇదే.

చేతులు వేసే ఫంక్షన్‌ను ఇలా రాద్దాం:

చేతులు_వెయ్యి (మొగ్గులు):
  మొగ్గుల్లో ఒక్కొక్క విలువకు:
    0, 1 మధ్య ఒక యాదృచ్ఛిక సంఖ్య తియ్యి
    అది మొగ్గు కన్నా తక్కువైతే 1, లేకపోతే 0 రాసుకో
  ఆ అంకెల లిస్టును ఇవ్వు

మొగ్గు అంటే ఆ వ్యక్తి వెల్లకిలా వేసే సంభావ్యత. ప్రస్తుతానికి అందరికీ 0.5 ఇవ్వండి. నాణెం ఎగరవేసినట్టు నేరుగా 0 గానీ 1 గానీ తీయించవచ్చు గదా అనిపించవచ్చు. కానీ మనుషుల అలవాట్లను తరువాత చేర్చాలంటే మొగ్గు చోటు ఇప్పుడే ఉంచుకోవడం మేలు. ఇంకొక విషయం, ఈ ఫంక్షన్ ఒక్కొక్కరి చేతిని విడిగా కాక అందరి చేతులనూ కలిపి ఒకే లిస్టుగా ఇస్తుంది. దీనికి కారణం చివరి అడుగులో తెలుస్తుంది.

ఆరో అడుగు: ఒక ఆటను మొదటి నుంచి చివరిదాకా నడిపించడం

ఒక_ఆట (వరస):
  నిలిచినవారు = వరసలో మొదటి ముగ్గురు
  ఆగినవారు = వరసలో మిగిలినవారు
  రౌండ్లు = 0
  నిలిచినవారు ముగ్గురు ఉన్నంతవరకు:
    రౌండ్లకు 1 కలుపు
    స్థానం = పంట_తీర్పు (ముగ్గురి చేతులు)
    స్థానం ‘ఎవరూ లేరు’ కాకపోతే:
      ఆ స్థానంలో ఉన్నవారిని తీసివెయ్యి
      ఆగినవారు ఉంటే వారిలో మొదటివారిని చేర్చు
  దొంగ తేలేవరకు:
    రౌండ్లకు 1 కలుపు
    స్థానం = పంట_తీర్పు (ఇద్దరి చేతులు, తోడు చేయి)
    స్థానం 0 అయితే: దొంగ = నిలిచినవారిలో రెండోవారు
    స్థానం 1 అయితే: దొంగ = నిలిచినవారిలో మొదటివారు
  దొంగనూ రౌండ్లనూ ఇవ్వు

ఇందులో జాగ్రత్తపడవలసినవి రెండు. మొదటిది లిస్టు నకలు. పైథాన్‌లో ఒక లిస్టుకు రెండో పేరు పెడితే కొత్త లిస్టు పుట్టదు, రెండు పేర్లూ ఒకే లిస్టును చూపుతాయి. కాబట్టి పండినవారిని అసలు వరసలోంచే తీసివేస్తూ పోతే మొదటి ఆట సక్రమంగానే ముగుస్తుంది. కానీ రెండో ఆట మొదలయ్యేసరికి వరసలో ఇద్దరే మిగిలి ఉంటారు. మిగతా 9,999 ఆటలూ నేరుగా చివరి దశతోనే మొదలై, రౌండ్ల సగటు 10కి బదులు 2 దగ్గర తేలుతుంది. ఆట మొదట్లోనే నకలు తీసుకుంటే ఈ చిక్కు ఉండదు. లిస్టులోంచి ముక్క కోసి తీసుకునే స్లైసింగ్ పద్ధతి తనంతట తానే కొత్త లిస్టును ఇస్తుంది కనుక పై నమూనాలోని మొదటి రెండు వాక్యాలను ఆ పద్ధతిలో రాస్తే సరిపోతుంది.

రెండోది ముగింపు లేని లూపు. అందరి మొగ్గూ 1 అని ఇస్తే అందరూ ఎప్పుడూ వెల్లకిలాయే వేస్తారు, ఆట ఎన్నటికీ తేలదు. ఇంతకన్నా సూక్ష్మమైన సందర్భమూ ఉంది. ‘తేలకపోతే తరువాతి రౌండులో చేయి మార్చి వేస్తాను’ అని ముగ్గురూ ఒకే నియమం పెట్టుకున్నారనుకోండి. ముగ్గురూ వెల్లకిలా వేసి తేలకపోతే, ముగ్గురూ కలిసి బోర్లాకు మారతారు, మళ్లీ వెల్లకిలాకు వస్తారు. నియమం చూడడానికి ఎంతో సమంజసంగా ఉన్నా ఆట మాత్రం శాశ్వతంగా నిలిచిపోతుంది. అందుచేత రౌండ్లకు 1,000 వంటి ఒక పరిమితి పెట్టి, అది దాటితే ‘తేలలేదు’ అని నమోదు చేసి బయటికి రండి. నిష్పక్షపాతమైన ఆటలో ఆ పరిమితిని చేరే అవకాశం ఆచరణలో లేదు.

ఏడో అడుగు: పదివేల ఆటలు ఆడించి లెక్క రాసుకోవడం

ఇప్పుడు పిల్లలకు 1 నుంచి 8 వరకు సంఖ్యలిచ్చి, ఒక_ఆటను 10,000 సార్లు పిలిచే లూపు రాయండి. రెండు లెక్కలు దాచుకోండి: ఎవరు ఎన్నిసార్లు దొంగ అయ్యారు, ఎన్ని రౌండ్లలో తేలిన ఆటలు ఎన్ని. రెండింటికీ డిక్షనరీ (ఒక్కొక్క పేరు ఎదుట ఒక విలువను దాచే పట్టిక) గానీ, కలెక్షన్స్ మాడ్యూల్లోని కౌంటర్ గానీ చాలు. ప్రతి రౌండునూ తెర మీద అచ్చు వేయించకండి. మామూలు ల్యాప్‌టాపులో కూడా ఈ లెక్క త్వరగా ముగుస్తుంది గానీ, అచ్చు వేయిస్తే పని నెమ్మదించడమే కాక చూడవలసిన సంఖ్యలు ఆ వరదలో కనిపించకుండా పోతాయి.

మొదట రౌండ్ల లెక్క చూడండి. సగటు 10 దగ్గర ఉండాలి. ఎంత దగ్గర? ముగ్గురి దశలో ఒకరు తప్పుకోవడానికి పట్టే రౌండ్ల విస్తృతి (వేరియన్స్, అంటే విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 4/9, చివరి దశ విస్తృతి 2. ఆరు దశలూ చివరిదీ కలిపితే 4.67, దాని వర్గమూలం సుమారు 2.16. పదివేల ఆటల సగటులో ఉండే ఊగిసలాట దీన్ని 10,000 వర్గమూలంతో, అంటే 100తో భాగిస్తే వచ్చే 0.02. అందుచేత అటూ ఇటూ దానికి రెండింతలు వదిలి, సగటు 9.96కూ 10.04కూ మధ్య పడితే ప్రోగ్రాము బాగున్నట్టు. 10.3 వస్తే ‘యాదృచ్ఛికమే గదా’ అని వదిలేయకండి, ఎక్కడో తప్పు ఉంది. మరింత సూక్ష్మత కావాలనుకుంటే, ఊగిసలాటను సగానికి తగ్గించడానికి ఆటలను నాలుగు రెట్లు చేయాలని గుర్తుంచుకోండి.

కనీస సంఖ్యను కూడా చూడండి. ఎంత త్వరగా తేలినా ఆరుగురు ఆరు రౌండ్లలో పండి, ఏడో రౌండులో దొంగ తేలాలి. 7 కన్నా తక్కువ రౌండ్లలో ఒక్క ఆట ముగిసినా ప్రోగ్రాము తప్పు. సరిగ్గా 7లో ముగిసే సంభావ్యత 0.75 ఆరో ఘాతాన్ని 0.5తో గుణిస్తే వచ్చే 0.089, అంటే పదివేలలో 890 దరిదాపు ఆటలు.

ఎనిమిదో అడుగు: దొంగల పట్టికను చదవడం

అసలు విశేషం ఇక్కడ ఉంది. ప్రతి రౌండులోనూ ముగ్గురికీ సమాన అవకాశమే కనుక ఎనిమిది మందిలో ప్రతి ఒక్కరూ 12.5 శాతం ఆటల్లో దొంగ కావాలని సహజంగా అనుకుంటాం. పట్టిక అలా రాదు. మొదటి ముగ్గురూ ఒక్కొక్కరు సుమారు 4.4 శాతం ఆటల్లోనే దొంగ అవుతారు. నాలుగో పిల్లవాడు 6.6, ఐదోవాడు 9.9, ఆరోవాడు 14.8, ఏడోవాడు 22.2 శాతం. వరసలో ఆఖరున నిలబడ్డ ఎనిమిదోవాడు ఏకంగా 33.3 శాతం, అంటే మూడు ఆటల్లో ఒకటి.

ఇది ప్రోగ్రాములోని తప్పు కాదు, ఆటలోనే ఉన్న గుణం. చేత్తో లెక్క వేసి చూద్దాం. పంట తేలిన ప్రతిసారీ ముగ్గురిలో ఒక్కొక్కరు పండే అవకాశం 1/3, నిలిచిపోయే అవకాశం 2/3. మొదటి ముగ్గురు ఆరు పంటలనూ ఎదుర్కొంటారు కనుక వాటన్నిటిలోనూ పండకుండా చివరి ఇద్దరిలో మిగిలే సంభావ్యత 2/3 ఆరో ఘాతం, అంటే 64/729. ఆపైన దొంగ కావడానికి సగం అవకాశం: 0.0439. ఎనిమిదోవాడు ఒకే ఒక్క పంటలో పాల్గొంటాడు. అందులో పండకపోతే, ఆ అవకాశం 2/3, నేరుగా చివరి దశకు చేరి సగం అవకాశంతో దొంగ అవుతాడు: 0.3333. ఈ ఆటలో పాల్గొనడమంటే తప్పించుకునే అవకాశం పొందడం. ఎక్కువసార్లు చేయి వేసినవారికి ఎక్కువ అవకాశాలు. వెనక నిలబడి తన వంతు ఆలస్యమైతే గండం తప్పుతుందనుకునే పిల్లవాడు నిజానికి తన అవకాశాలనే వదులుకుంటున్నాడు.

ఇక్కడా ఊగిసలాటను లెక్కలోకి తీసుకోవాలి. ఎనిమిదోవాడి వాటా పదివేల ఆటల్లో 33.3 శాతానికి అటూ ఇటూ 0.9 వరకు మారవచ్చు, మొదటి ముగ్గురిది 0.4 వరకు. కాబట్టి మొదటివాడికి 4.2, మూడోవాడికి 4.6 వచ్చిందని వారి మధ్య తేడా ఉందనుకోకూడదు. 4.4కూ 33.3కూ మధ్య ఉన్నది మాత్రం నిజమైన తేడా.

తొమ్మిదో అడుగు: అసమానతను సరిదిద్దే దారులను పోల్చడం

నియమాన్ని మార్చి ఫలితం ఎలా మారుతుందో చూడడానికే సిమ్యులేషన్ ఎక్కువగా పనికివస్తుంది. మొదటి దారి, అందరూ ఒకేసారి చేయి వేయడం. ఎనిమిది మందిలో సరిగ్గా ఒక్కరే వేరుగా వేస్తే వారు పండినట్టు. తీర్పు ఫంక్షన్‌ను ఎంతమందికైనా సరిపోయేలా రాశాం కనుక ఇది రెండు మూడు వాక్యాల మార్పు. అందరికీ అవకాశం సమానమై పట్టిక 12.5 దగ్గర చదునుగా వస్తుంది. కానీ దానికి చెల్లించే మూల్యం చూడండి. ఎనిమిది మందిలో ఒక్కరే వేరుగా పడే సంభావ్యత 8/128, అంటే 1/16. మొదటివారు పండడానికే సగటున 16 రౌండ్లు. తరువాత ఏడుగురికి 9.14, ఆరుగురికి 5.33, ఐదుగురికి 3.2, నలుగురికి 2, ముగ్గురికి 1.33, చివరి దశకు 2. మొత్తం 39 రౌండ్లు. పదితో పోయేదానికి నలభై అన్నమాట. ఆటకు ఆత్రపడుతున్న పిల్లలు అంతసేపు ఓపిక పట్టరు.

రెండో దారి, ప్రతి పంట తేలాక మిగిలినవారందరిలోంచి ముగ్గురిని యాదృచ్ఛికంగా ఎంచుకోవడం. ర్యాండమ్ మాడ్యూల్లోని శాంపిల్ ఫంక్షన్ ఈ పని చేస్తుంది. సగటు 10 రౌండ్లే ఉంటుంది, అవకాశాలూ సమానమవుతాయి. కంప్యూటరులో ఇది ఉత్తమం. నేల మీద మాత్రం ఆ ముగ్గురిని ఎంచుకోవడానికే మళ్లీ పంటలు వేయవలసి వస్తుంది. రెండింటినీ ప్రోగ్రాములో రాసి, మూడు పద్ధతుల పట్టికలనూ పక్కపక్కన పెట్టి చూడమని గట్టిగా చెబుతాను. వేగమూ న్యాయమూ ఒకదానితో ఒకటి ఎలా పోటీపడతాయో అంకెల్లో కనిపిస్తుంది.

పదో అడుగు: అలవాట్లూ, కూడబలుక్కోవడాలూ

ఇప్పుడు మొగ్గులను మార్చండి. ముగ్గురూ 0.7 మొగ్గుతో వేస్తే తేలే సంభావ్యత 0.75 నుంచి 0.63కు తగ్గుతుంది. సూత్రం 3 × మొగ్గు × (1 − మొగ్గు). ఆట నెమ్మదిస్తుంది గానీ అన్యాయం ఏమీ జరగదు. ఒక్కరి మొగ్గు 0.9 చేసి మిగతా ఇద్దరికీ 0.5 ఉంచండి. ఆశ్చర్యకరంగా ముగ్గురికీ 0.25 చొప్పునే వస్తుంది: ఇద్దరు నిష్పక్షపాతంగా వేసినంతవరకు మూడోవారి అలవాటు దేన్నీ మార్చలేదు. ఇక ఇద్దరికి 0.8, ఒకరికి 0.2 ఇచ్చి చూడండి. వేరు అలవాటున్న ఆ ఒక్కరు 52 శాతం రౌండ్లలో పండుతారు, మిగతా ఇద్దరూ 16 శాతం చొప్పున.

అలవాట్లకన్నా బలమైనది రహస్య ఒప్పందం. చివరి దశలో ఇద్దరు మిగిలారు. తోడుగా వచ్చినవాడు ఆ ఇద్దరిలో ఒకరికి నేస్తం. ‘నువ్వు వేసినదానికి నేనెప్పుడూ వ్యతిరేకంగా వేస్తాను’ అని ముందే సైగ కుదిరింది. నేస్తాలిద్దరి చేతులూ ఎప్పుడూ వేరువేరుగా పడతాయి కనుక మూడో చేయి ఎలా పడినా ఇద్దరిలో ఒకరితో కలుస్తుంది, రెండో నేస్తం పండుతాడు. పండినది తోడువాడైతే మళ్లీ వేస్తారు, అతని నేస్తమైతే ఆ నేస్తం తప్పుకుంటాడు. ఒంటరిగా ఆడుతున్న పిల్లవాడు పండే సంభావ్యత సున్నా. అతనే నూటికి నూరుపాళ్లూ దొంగ.

దీన్ని ప్రోగ్రాములో పెట్టాలంటే ఒక్కొక్కరి చేతిని విడివిడిగా తీసే ఫంక్షన్ పనికిరాదు, ఎందుకంటే అక్కడ ఒకరి చేయి మరొకరి చేతిపై ఆధారపడే వీలే లేదు. అందరి చేతులనూ కలిపి ఇచ్చే రూపం ఎంచుకున్నది ఇందుకే. నేస్తాల్లో ఒకరి చేతిని యాదృచ్ఛికంగా తీసి, రెండోది 1లోంచి దాన్ని తీసివేసి రాస్తే ఒప్పందం సిద్ధమవుతుంది. ఈ నమూనాలో గమనించవలసినది, ఆ నేస్తాలిద్దరి చేతులనూ విడివిడిగా లెక్కించి చూస్తే ఒక్కొక్కరిదీ సరిగ్గా 0.5 మొగ్గే. ఎన్నిసార్లు వెల్లకిలా, ఎన్నిసార్లు బోర్లా అని రాసుకున్నా మోసం దొరకదు. ఇద్దరి చేతులనూ జంటగా నమోదు చేసి, అవి ఎన్నిసార్లు ఒకేలా పడ్డాయో లెక్కించాలి. నిజాయితీగా ఆడితే సగం సార్లు కలవాలి. ఇక్కడ ఒక్కసారీ కలవవు. అందుచేత ఫలితాలు దాచుకునే డిక్షనరీలో దొంగ పేరు, రౌండ్ల సంఖ్యలతోపాటు ప్రతి రౌండులో ఏ ఇద్దరి చేతులు కలిశాయన్న లెక్కకూ ఒక గడి ఉంచండి.